అనసూయక్క తీసిన తలుపు

మొన్న మధ్యాహ్నం మా మనవడి ఫోను చెక్కబల్ల మీద గురగురమంటూ మోగింది. ఆగింది, మళ్ళీ మోగింది. వాడు దానివంక చూస్తూ కూర్చున్నాడే తప్ప ముట్టుకోలేదు. క్రెడిట్ కార్డు బాకీ అడిగేవాళ్ళట. ఆ కాసేపూ ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టయింది. అలాంటి నిశ్శబ్దాన్ని నేను అరవై ఏళ్ళ కిందట కాశిబుగ్గలో ఎరుగుదును.

అప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. మా ఆయన మిల్లులో గుమాస్తా. మేం అద్దెకున్న గదికీ, నూలు వ్యాపారి వీరయ్య ఇంటికీ మధ్య ఒకటే గోడ. వీరయ్య భార్య అనసూయక్క నాకు పొయ్యి రాజెయ్యడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది. వీధిలోని సాలెవాళ్ళు మిగుల్చుకున్న నాలుగు రూపాయలనూ వీరయ్య దగ్గరే దాచుకునేవారు. ఒక ఏడు నూలు ధర పడిపోయి అతను మునిగాడు. కోర్టులో దివాలా దరఖాస్తు పెట్టాడు. దాన్నే మావైపు ఐ.పి. పెట్టడం అంటారు. కోర్టు వాళ్ళు సరుకూ సామానూ అమ్మి, వచ్చినదాన్ని తలా కొంచెం పంచారు. మిగిలిన బాకీలు కొట్టేశారు. వీధిలో ఎవరూ అతన్ని తిట్టలేదు. ఎదురొస్తే మాత్రం అక్కడ మనిషి లేనట్టే చూసి వెళ్ళిపోయేవారు.

చప్పుళ్ళు ఆ తర్వాత మొదలయ్యాయి. అన్నాలవేళ వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగేవి. సరిగ్గా అప్పుడే వాళ్ళ తలుపు గొలుసు కదిలిందని వీరయ్య లోపలి గదిలో ముడుచుకునేవాడు. చప్పుడును బట్టి, డబ్బు దాచుకున్నవాళ్ళలో వచ్చిందెవరో పేరు కూడా చెప్పేవాడు. నాకేమీ వినబడేది కాదు. అనసూయక్క మాత్రం ప్రతిసారీ వెళ్ళి తలుపు తీసేది. ఖాళీ అరుగువైపు చూసి, "వచ్చిండ్రా, కూసోండ్రి" అని చెంబుతో నీళ్ళు పెట్టేది. పొద్దుగూకే వేళకు ఆ చెంబులో నీళ్ళు సగానికి దిగి ఉండేవి. ఎండకు ఇగిరాయో, పిచ్చుకలు తాగాయో అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఒకరోజు నేను అక్కడే ఉండగా వీరయ్య గోడకు చేరగిలబడి "మల్లయ్య" అన్నాడు. మల్లయ్య వెనక గల్లీలో దుప్పట్లు నేసే ముసలాయన. రెండువందల నలభై రూపాయలు దాచుకున్నాడు. చేతికి పాతిక కూడా రాలేదు. అక్క తలుపు తీసి, ఈసారి నీళ్ళు పెట్టకుండా వెనక గల్లీవైపు చూసింది. తర్వాత చెప్పులు తొడుక్కుని, "జర తోడు రా పిల్లా" అంది.

మేం వెళ్ళేసరికి మల్లయ్యను ముంగిట్లో పడుకోబెట్టారు. అప్పుడే ప్రాణం పోయింది. మగ్గం మీద దుప్పటి సగంలో ఆగి ఉంది. అతని భార్య అక్క ముఖంలోకి చూసి, కోపమేమీ లేకుండా, "మీ ఇంటికే పోతనని పొద్దున్నించి ఒక్కటే తీరు. కాళ్ళు లేస్తె గద" అంది. అక్క ఆ ముంగిట్లోనే నేలమీద కూర్చుంది. శవాన్ని ఎత్తేదాకా లేవలేదు.

దినాలు కాగానే అక్క ఆ ఇంటికి మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టడానికి పోసాగింది. మల్లయ్య కొడుకు మగ్గమెక్కాడు. అక్క కూలి తీసుకోకుండా నూలు చుట్టి ఇచ్చేది. ఇంకా ఎవరికేం ఇచ్చేదుందని వీరయ్య మండిపడ్డాడు. అక్క గొంతు పెంచలేదు.

"కోర్టు బాకీ కొట్టేసింది. ఆ ముసలాయన మొఖాన్ని నా కండ్లల్లకెల్లి కొట్టేయలే."

అలా మూడేళ్ళపాటు వెళ్ళింది. తీరిక దొరికినప్పుడు నేనూ వెళ్ళి పక్కన కూర్చుని చుట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం అక్క మల్లయ్య ఇంట్లోనే ఉంది, నేను వాళ్ళింట్లో వీరయ్యకు అన్నం పెడుతున్నాను. గొలుసు కదిలింది. ఈసారి నాకూ వినబడింది. బయట ఆకు కూడా కదలడం లేదు. వెళ్ళి తీశాను. అరుగు మీద ఎవరూ లేరు. మగ్గం నూలుకు పట్టించే తడి గంజి వాసన మాత్రం ఉంది. ఏమనాలో తోచక, "కూసోండ్రి" అన్నాను. నీళ్ళూ పెట్టాను.

సాయంత్రం అక్కతో చెప్పి, బాకీ తీరితే ఆ చప్పుళ్ళు ఆగుతాయా అని అడిగాను. ఆమె కండె తిప్పుతూనే జవాబిచ్చింది.

"ఆగుతయో లేదో నాకెర్క లేదు పిల్లా. తలుపు తీస్తందుకు ఇప్పుడు భయమైతే లేదు."

కొన్నేళ్ళకు మా ఆయన ఒక దుకాణంలో వాయిదాల మీద రేడియో తెచ్చి, నాలుగు నెలలు కట్టలేకపోయాడు. ఆ దుకాణం సేటు వస్తే తను ఇంట్లో లేనని చెప్పమన్నాడు. ఒకసారి చెప్పాను. ఆ రాత్రి పడుకోబోతూ మా తలుపు గొలుసువైపు చూశాను. మర్నాడు సేటు రాకముందే నేనే బజారుకు వెళ్ళాను. నెలకు మూడు రూపాయలకు మించి ఇవ్వలేమని అతని ముఖం చూసి చెప్పాను. అతను కసిరాడు, పదిమంది వినేలా మాటలన్నాడు, చివరికి ఒప్పుకున్నాడు. నేను తల దించలేదు. ఇచ్చేది ఉన్నచోటికి వాళ్ళు రాకముందే నేను వెళ్ళడం అప్పటినుంచీ అలవాటైంది. మొన్న మనవడికీ అదే చెప్పాను. వెళ్ళిన ప్రతిసారీ నా పక్కన అనసూయక్కలా ఇంకొక మనిషి తోడు నడుస్తున్నట్టే ఉంటుంది. నేను తిరిగి చూడను.