విరుదునగర్‌లో మనవాండ్ల వీధి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి పరాయి ఊళ్ళో అద్దె ఇల్లు వెతికి చూసి ఉండడు. చూసి ఉంటే సామెత ఇంకాస్త పొడుగయ్యేది. చెల్లమ్మాళ్ ఇల్లు కట్టలేదు, కూతురి పెళ్ళి ఇంకా చేయలేదు. కానీ ఆ మూడో పని మాత్రం చేసింది. చేసి, ఉన్నదాన్ని కూడా పోగొట్టుకుంది.

ఆమెది తమిళనాడులో నాగలాపురం పక్కన నల్లరేగడి ఊరు. వాన పడితే మిరప, పత్తి. పడకపోతే ఆకాశం చూస్తూ కూర్చోవడం. భర్త పోయాక భూమిని కౌలుకిచ్చి, కూతురు కలైసెల్విని వెంటబెట్టుకుని కోవిల్‌పట్టికి వచ్చి అగ్గిపెట్టెల కంపెనీలో చేరింది. అక్కడ ఇల్లు వెతకాల్సిన పని పడలేదు. వాళ్ళ ఊరివాళ్ళు అప్పటికే ఒక వీధిలో సగం నిండి ఉన్నారు, వాళ్ళే ఒక గది చూపించారు. గుమ్మం దాటితే తమిళం, గుమ్మం లోపల తెలుగు. ఆ తెలుగు చదవడానికీ రాయడానికీ వాళ్ళలో ఎవరికీ రాదు. బిడ్డను నిద్రపుచ్చడానికీ, మొగుణ్ణి తిట్టడానికీ, సంబంధాలు మాట్లాడుకోవడానికీ సరిపోతుంది.

చెల్లమ్మాళ్‌కు ఒక అలవాటుంది. పరాయి ఇంట్లో నీళ్ళిస్తే గ్లాసు పెదవికి తగలనివ్వదు. తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, గొంతులో పోసుకుంటుంది. మనవాళ్ళ ఇంట్లో అయితేనే పెదాలకు ఆనించి తాగుతుంది. ఎవరు నేర్పారో గుర్తులేదు. అగ్గిపెట్టెల కంపెనీలో రకరకాల ఇళ్ళ ఆడవాళ్ళతో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని పుల్లలు నింపింది, వాళ్ళ కష్టసుఖాలకు ఏడ్చింది. మధ్యాహ్నం డబ్బా మూత తీసేసరికి మాత్రం ఎవరి గుంపు వాళ్ళది. అది తప్పని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఒప్పా అని కూడా తనను తాను అడగలేదు.

కలైసెల్వి నర్సు చదువు పూర్తి చేసింది. విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వారం మార్చి వారం రాత్రి డ్యూటీ. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సులో పోయి రావడం కుదిరే పని కాదు. తల్లీ కూతుళ్ళిద్దరూ అక్కడికే మారాలనుకున్నారు. తల్లికి ఆ ఊరు బస్సు కిటికీలోంచి తప్ప తెలియదు.

"అమ్మా, నాకు పెద్ద ఇల్లు వద్దు," అంది కలైసెల్వి. "ఆసుపత్రికి నడిచి పోయేంత దూరంలో ఉండాల. రాత్రి వేలకు పోయి పొద్దున వస్తే, ఏడికి పోతివి, ఎవరితో వస్తివి అని ఎవరూ అడగగూడదు. అంతే."

వేల అంటే వాళ్ళ మాటలో ఉద్యోగం. ఆ పిల్ల అడిగింది అంతే. ఇవ్వడం ఎంత కష్టమో అప్పుడు తల్లికి తెలియదు.

ఇల్లు వెతకడానికి చెల్లమ్మాళ్ అన్న గోపాలసామి తోడు వచ్చాడు. తండ్రి లేని పిల్లకు మేనమామే పెద్దదిక్కు. ఆయన మాట కాదని ఆ ఇంట్లో దీపం కూడా వెలిగించరు. ఆయనకో లెక్క ఉంది.

"పరాయి ఊరికి పోతే నీళ్ళు చూడగూడదు చెల్లమ్మా, గాలి చూడగూడదు. మనుసుల్ని చూడాల. మనవాండ్లు ఉండే వీధి అయితే కండ్లు మూసుకొని పోవచ్చు."

కొత్త ఊళ్ళో మనవాళ్ళని పట్టేదెట్లా? దానికి గోపాలసామి దగ్గర తాతల నాటి ఉపాయముంది. వీధి వెంట మెల్లగా నడవడం, చెవులు రిక్కించడం. ఏ గుమ్మంలోంచి తెలుగు వినిపిస్తే అక్కడ ఆగడం. అట్లా ఎండలో ముగ్గురూ వీధులు కొలిచారు. ఒక ఇల్లు బావుంది కానీ గదిలో పగలే దీపం కావాలి. ఇంకొక ఇంటాయన మగదిక్కు లేని ఆడవాళ్ళకు ఇవ్వనన్నాడు, ఇవ్వనన్నది కూడా నవ్వుతూ అన్నాడు. మూడోచోట ఇంటావిడ తాళంచెవులు చేతిలో పట్టుకుని తమిళంలో, మీరు ఏ మనుషులు అని అడిగింది. చెప్పాక తాళంచెవులు కొంగులో ముడేసుకుంది. ఆ మాటకు గోపాలసామికి కోపం నషాళానికంటింది. మనుషుల్ని కులం అడగడం ఏం మర్యాద అని వీధి చివరిదాకా గొణిగాడు. తను పొద్దుటినుంచీ చెవులతో చేస్తున్న పనేమిటో ఆయనకు తట్టలేదు.

ఆసుపత్రి వెనక వీధిలోకి తిరిగేసరికి, ఒక మేడ ముందు మెట్టు మీద కూర్చుని ఆకుకూర తుంచుతున్న పెద్దావిడ మేకను తిడుతూ కనిపించింది.

"పో, సచ్చినదానా. దినమూ నీకేనా వండేది?"

తెలుగు. అచ్చం వాళ్ళ ఊరి తెలుగు. గోపాలసామి ముఖం చేటంత అయింది. పేరు కూడా అడగకుండా, అక్కా, ఇల్లేమైనా ఉండాదా అని తెలుగులోనే పలకరించాడు. ఆమె కూడా అంతే సంతోషపడింది. బయట ఆ భాష వినపడక ఎన్నాళ్ళయిందో.

"రాండి, కూసోండి. ఇంత ఎండలో వస్తిరే."

ఆమె పేరు వీరమ్మాళ్. మేడ మీద రెండు గదులు ఖాళీ. గాలి ధారాళంగా వస్తోంది, కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి డాబా కనిపిస్తోంది. కలైసెల్వి బెరుగ్గా రాత్రి డ్యూటీ సంగతి చెప్పింది.

"పోనీ," అంది వీరమ్మాళ్. "నేనూ తెల్లారక ముందే లేచి పనికి పోయిన ఒళ్ళే. గేటు తాళంచెవి ఒకటి నీకిస్తా. ఎప్పుడన్నా పో, ఎప్పుడన్నా రా."

కలైసెల్వి తల్లి వైపు చూసింది. ఇదేనమ్మా అన్న చూపు. వీరమ్మాళ్ స్టీలు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. తియ్యటి నీళ్ళు. చెల్లమ్మాళ్ గ్లాసును పెదాలకు ఆనించి గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగింది. ఇంటికొచ్చినట్టుంది ఆమెకు.

మాట ఖాయమైంది. ఇక మిగిలింది ఒక్కటే. వీళ్ళ కాయితాల మీద ఇంటిపేరు ఉండదు, బళ్ళో ఉండదు, ఓటరు కార్డులో ఉండదు. నోటిలోనే ఉంటుంది. తెలుగువాళ్ళిద్దరు కలిస్తే చుట్టరికం కలుపుకోవడానికి దాన్ని బయటికి తీస్తారు. గోపాలసామి మీసం తుడుచుకుంటూ తీశాడు.

"మీ ఇంటిపేరేమిక్కా? ఏ దిక్కువాండ్లు?"

ఆమె చెప్పింది. గోపాలసామికి తెలిసిన ఇంటిపేర్లలో అది లేదు. ఆయన నొసలు ముడిపడటం చూసి ఆమె తనే విడమరిచింది. అందులో దాపరికం లేదు, కాస్త గర్వమే ఉంది.

"మా ఆయన మునిసిపాలిటీలో కాలవలు తీసె. నేను ఈ ఊరి వీధులే ఊడిస్తి. ఇద్దరం కట్టిన ఇల్లు ఇది."

వందల ఏళ్ళ కింద ఈ కరువు నేలకు తెలుగు వచ్చినప్పుడు నాగళ్ళు పట్టినవాళ్ళ నోట మాత్రమే రాలేదు. వాళ్ళ చెప్పులు కుట్టినవాళ్ళ నోట, చచ్చిన గొడ్డును మోసినవాళ్ళ నోట కూడా వచ్చింది. ఇద్దరూ ఒకే జోలపాట పాడారు, వేరే వేరే వీధుల్లో. ఈ సంగతి గోపాలసామికి తెలియకపోలేదు. ఊళ్ళో అయితే ఏ గుడిసె ఎక్కడుందో తెలుసు కనుక చెవిని నమ్ముకునే పని పడలేదు. ఇక్కడ నమ్ముకున్నాడు.

మంచిరోజు చూసి చెప్తామని లేచాడు. ఆమెను అక్కా అని పిలవలేదు. గేటు దాటగానే వీధి కుళాయి దగ్గర వంగి నోరు పుక్కిలించి ఊశాడు. మళ్ళీ పుక్కిలించాడు.

"నువ్వూ కడుక్కో చెల్లమ్మా."

చెల్లమ్మాళ్ కడుక్కుంది. తల ఎత్తేసరికి వీరమ్మాళ్ గేటు పట్టుకుని నిలబడి ఉంది. కలైసెల్వి మరచిపోయిన గొడుగు ఆమె చేతిలో ఉంది. ఇవ్వడానికే వెంట వచ్చినట్టుంది. కలైసెల్వి వెనక్కి వెళ్ళి గొడుగు తీసుకుంది. తను నోరు కడుక్కోలేదు, బస్సులో తల్లి పక్కన కూర్చోనూ లేదు.

అట్లా వాళ్ళు మనవాండ్ల వీధికి చేరారు. రైలు గేటు అవతల, ఆసుపత్రికి ఊరంత దూరం. ఇంటాయన నారాయణసామి మిరపకాయల మండీ పెట్టుకున్నాడు, ఎక్కడో మూడో తరంలో చుట్టం. నీళ్ళు ఉప్పు. పప్పు ఉడకదు. కానీ ఇంటిపేర్లు కలిశాయి కనుక గోపాలసామి నిశ్చింతగా ఊరికి పోయాడు.

కలైసెల్విని రాత్రి డ్యూటీకి ఆసుపత్రి వ్యాను వచ్చి తీసుకుపోయేది, పొద్దున దించేది. డ్రైవరు మగవాడు. ఇక చెప్పేదేముంది? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఆ వీధికి చెట్టు కూడా అక్కర్లేదు. నారాయణసామి భార్య రోజూ సరిగ్గా వ్యాను వచ్చే వేళకే ముగ్గు పెట్టేది. ఏమమ్మా, ఇంత ఆలస్యం? ఈ వ్యాను వేరేగా ఉండాదే? రాత్రంతా మేలుకొని ఏమి పని చేస్తారు? చుట్టాలు కనుక అడిగే హక్కు ఉంది. పరాయివాళ్ళయితే మనసులో అనుకుని ఊరుకునేవాళ్ళు. మనవాళ్ళు కనుక కోవిల్‌పట్టికి, నాగలాపురానికి ఫోను చేసి చెప్పారు. ఆ పిల్ల రాత్రిళ్ళు ఇంట్లో ఉండదని చెప్పారు. అబద్ధం కూడా కాదు మరి.

కలైసెల్వి చిక్కిపోయింది. పొద్దున వచ్చి తలుపు వేసుకుని పడుకుంటే, పగలు నిద్రేమిటని ఎవరో ఒకరు తలుపు తట్టేవాళ్ళు. ఒకరోజు నిద్ర లేక, ఒక రోగికి ఇవ్వాల్సిన మందు ఇంకొక రోగి దగ్గరికి తీసుకుపోయింది. తోటి నర్సు చూసి ఆపింది కనుక సరిపోయింది. ఆ సంగతి తల్లికి చెప్పి, గోడవైపు తిరిగి ఏడ్చింది.

చివరికి నారాయణసామి గోపాలసామిని పిలిపించాడు.

"ఇది మానంగా బతికే వీధి. పిల్లని వేల మాన్పించు, లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యమను."

గోపాలసామి చెల్లెలి దగ్గరికి వచ్చి, వేల మాన్పించు అన్నాడు. కూర్చోకుండానే అన్నాడు. చెల్లమ్మాళ్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నకు ఎదురు చెప్పింది.

"మాన్పించను. నువ్వు చూసిన వీధే కదన్నా ఇది? కండ్లు మూసుకొని పోవచ్చు అంటివి. మూసుకొని వస్తిని. నా బిడ్డ నిద్రకు కూడా కండ్లు మూయనియ్యలేదు నీ మనవాండ్లు."

ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ చెల్లెలి గడప తొక్కలేదు.

మర్నాడు తల్లీ కూతుళ్ళు వీరమ్మాళ్ ఇంటికి వెళ్ళారు. గేటు దగ్గర చెల్లమ్మాళ్ ఆగిపోయింది. కలైసెల్వే ముందు నడిచింది. వీరమ్మాళ్ గుర్తుపట్టింది. రాండి అంది, ఇదివరకటి సంతోషం లేదు, కోపమూ లేదు. ఇల్లు ఖాళీగానే ఉందంది. లోపలికి వెళ్ళి అవే స్టీలు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

కలైసెల్వి తీసుకుని తాగింది. చెల్లమ్మాళ్ గ్లాసు వంక చూసింది. దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంటూనే వచ్చింది, తాగాలి, పెదాలకు ఆనించే తాగాలి అని. కూతురి బతుకు ఆ గ్లాసులో ఉందని తెలుసు. ఆ రోజు ఇవే నీళ్ళు అడిగి మరీ తాగింది కదా. చెయ్యి ఒడిలోంచి లేవలేదు. దప్పిక లేదక్కా అంది. ఎండకు ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

వీరమ్మాళ్ గ్లాసు తీసుకుని, నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసింది.

"ఇల్లు బిడ్డకిస్తా," అంది. "నీకియ్యలేను. దినమూ ఒక మెట్టు మీద నువ్వూ నేనూ ఎదురుపడాల. నా బతుకంతా అట్లాంటి మొకాలు చూస్తి. ఈ ఇల్లు అవి చూసేదానికి కట్టుకోలేదు."

కలైసెల్వి తల్లి తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. చెల్లమ్మాళ్‌కు మొదట కలిగింది అవమానం కాదు, ఊరట. ఆ ఇంట్లో ఉండక్కర్లేదన్న ఊరట. ఆ తర్వాతే, బస్సులో ఒంటరిగా కూర్చున్నాక, సిగ్గు ముంచుకొచ్చింది. అది ఆ రోజుతో పోలేదు.

ఆమె మళ్ళీ కోవిల్‌పట్టిలో, మళ్ళీ అగ్గిపెట్టెల కంపెనీలో ఉంది. నెలకోసారి కూతుర్ని చూడటానికి పోతుంది. సంచిలో వేరుశనగ మిఠాయి, ఊరగాయ, ఒక సీసాలో కోవిల్‌పట్టి నీళ్ళు. కలైసెల్వి ఇప్పుడు ఒళ్ళు చేసింది. పగలు హాయిగా నిద్రపోతుంది, కింద వీరమ్మాళ్‌ను అవ్వా అని పిలుస్తుంది, ఆమె వండిన కూర తింటుంది. తల్లి సంచిలోని సీసాను చూస్తుంది. అడిగి కడిగేస్తే బావుండునని చెల్లమ్మాళ్‌కు ఉంటుంది. ఆ పిల్ల అడగదు.

మొన్న ఎండాకాలంలో పోయినప్పుడు సీసా బస్సులోనే మరచిపోయింది. మేడ ఎక్కి చూస్తే తాళం. డ్యూటీ పొడిగించారు కాబోలు. మెట్ల మీద కూర్చుంది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. కింద వీరమ్మాళ్ మెట్టు మీద ఆకుకూర తుంచుతోంది. చాలాసేపు ఓర్చుకుని, చివరికి చెల్లమ్మాళ్ దిగివచ్చి ఆమె ముందు నిలబడింది. ఈసారి నిజంగానే తాగేది. ఏ గ్లాసుతో అయినా తాగేది.

"అక్కా, కొంచెం నీళ్ళు."

వీరమ్మాళ్ తలెత్తింది. ఎగతాళి చేయలేదు, గొంతు పెంచలేదు.

"వీధి మొనలో అంగడి ఉండాది," అంది. "సీలు వేసిన బాటిలు ఇస్తారు. ఎవరూ ముట్టుకొని ఉండరు."

చెల్లమ్మాళ్ అంగడికి పోయి బాటిలు కొంది. నీడలో నిలబడి మూత తిప్పింది. అలవాటు ప్రకారం తల వెనక్కి వాల్చి, బాటిలు ఎత్తి, గొంతులో పోసుకుంది. కూతురు వచ్చేదాకా అక్కడే నిలబడింది.