మూడో పేజీకి గుచ్చిన చీటీ

ఈమధ్య తాడేపల్లిగూడెంలో మా ఇంటి బీరువా సర్దుతుంటే ఒక పాత ఫైలులోంచి వస కొమ్ము వాసన వచ్చింది. కాగితాలకు పురుగు పట్టకుండా వస ముక్క వేసి ఇచ్చే అలవాటు నేనెరిగినవాళ్లలో ఒక్కరికే ఉండేది. ఆయన ఇశ్రాయేలు గారు. ఏలూరులో పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే కార్యాలయంలో రికార్డు రూము చూసేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన గురించి సొంత ఊళ్లో ఇన్నాళ్లూ ఒక తప్పు మాట చెప్పుకున్నారు. ఆ మాట పుట్టింది నా నోటి నుంచే.

నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ని. డిగ్రీలున్నాయి గాని, పాత గొలుసుకట్టు రాత ఒక్క వరుస కూడా చదవడం రాదు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరం మీద వేలు ఆన్చకుండా గాలిలో చూపిస్తూ నేర్పారు. "ముందువైపు చూసి సంబరపడిపోకండి మాస్టారూ. అది పైవాళ్ల కోసం రాసింది. కరణం గారి మనసులో మాట వెనకుంటాది. కాగితం తిప్పండి" అనేవారు. ఒకసారి గణపవరం వైపు ఊరి కాగితమొకటి తిప్పితే, వెనక ఎవరో కరణం "ఈ ఏడు నా మాట ఎవరూ వినలేదు" అని రాసుకుని ఉన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "పాపం, చెప్పుకోడానికి ఇంకెవరూ లేరు కాబోలండి" అన్నారు.

ఆ కార్యాలయంలో నెలకోసారి స్థానిక చరిత్ర మీద ఉపన్యాసాలు పెట్టేవారు. అక్కడ ఇశ్రాయేలు గారు పెట్టిన ఆనవాయితీ ఒకటుండేది. ఏ ఊరి గురించి మాట్లాడుతున్నామో ఆ ఊరి మనిషికి ముందు వరుసలో మొదటి కుర్చీ. ఆ మనిషి వచ్చి కూర్చుంటేగాని మైకు పెట్టనిచ్చేవారు కాదు. కామవరపుకోట ముసలాయన ఒకాయన అలా కూర్చుని, నా మొట్టమొదటి ఉపన్యాసం సగంలో ఆపి, "మా చెరువు అటు కాదండి బాబూ, ఇటు" అన్నాడు. సభంతా నవ్వింది. ఇశ్రాయేలు గారు నా దగ్గరికొచ్చి, "అదృష్టవంతులండి, అచ్చు కాకముందే తెలిసింది" అన్నారు. రెండు మూడేళ్లు గడిచేసరికి నా పేరు పేపర్లో రావడం మొదలైంది. ఆ కుర్చీ నాకు అడ్డనిపించసాగింది.

ఆ నెల నా ఉపన్యాసం కొల్లేటిలోని కొంగలదిబ్బ మీద. అది ఇశ్రాయేలు గారి సొంతూరు. పాత రిజిస్టరులో 'దిబ్బ మీద నివాసం లేదు' అని ఉంది. ఇప్పుడున్న జనం ఈమధ్యే మెరక ఊళ్ల నుంచి వచ్చినవాళ్లని తేల్చేశాను. కొత్త విషయం కనిపెట్టానని పొంగిపోయి కాగితం తిప్పలేదు. టైపు చేయించిన ప్రతి ముందురోజే చూడమని ఆయనకిచ్చాను. సభ రోజు ఫైలు తిరిగి నా చేతిలో పెడుతూ, "పది నిమిషాలు ఆగండి మాస్టారూ. మావోళ్లు పడవ రేవులో ఆగిపోయారంట. ఈలోగా ఇది ఓసారి తిప్పండి" అన్నారు. విలేకరులు వచ్చేశారు. నేను ఆగలేదు. మొదటి కుర్చీలో నా సంచి పెట్టి మైకు దగ్గరికి నడిచాను.

మూడో పేజీ తిప్పేసరికి దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ కనిపించింది. పెన్సిలు రాత. 'రిజిస్టరు వెనక చూడండి. వరదకు ఇళ్లు పోయి జనం తూర్పు దిబ్బకు చేరారు. ఊరు మారింది, పేరు మారలేదు.' చదివాను. అర్థమైంది. అప్పుడే ఎవరో చప్పట్లు కొట్టారు. చీటీ మీద బొటనవేలు పెట్టి, కింద ఉన్నది చదువుకుంటూ పోయాను.

కొంగలదిబ్బ వాళ్లు ముగ్గురు అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తమకు ఊరే లేదన్న మాట నిలబడే విన్నారు. అయ్యాక వాళ్లలో పెద్దాయన, "ఎవరు చెప్పారండి మీకు?" అన్నాడు. విలేకరులు చూస్తున్నారు. "రికార్డు రూములో ఇచ్చిన కాగితమే నేను చదివాను. ఇశ్రాయేలు గారిని అడగండి" అన్నాను. పెద్దాయన ఆయన వైపు తిరిగి, "ఏరా ఇశ్రాయేలూ, నీ చేత్తోనే ఊరిని చెరిపేశావా?" అన్నాడు. ఇశ్రాయేలు గారు నా వైపు చూశారు. నేను నీళ్లు తాగుతున్నాను. ఆయన రిజిస్టరు కట్టకు గుడ్డ చుట్టి, ముడి వేసి, లోపలికి వెళ్లిపోయారు.

నా మాట పేపర్లో పడింది. పక్క ఊరివాళ్లకు అదే ఆధారమైంది. రెండు నెలల తర్వాత ఇశ్రాయేలు గారు బస్సెక్కి మా కాలేజీకి వచ్చారు. మంచినీళ్లయినా ముట్టలేదు. "ఒక్కసారి మా ఊరొచ్చి ఉన్నది చెప్పండి మాస్టారూ. నా సంగతి వదిలెయ్యండి. నిన్నగాక మొన్నొచ్చినోళ్లకి ఈ నీళ్ల మీద హక్కేంటని ఆ పేపరు ముక్క చూపించి, మావోళ్లు చేపలు పట్టుకోడానికి నీళ్లలో పాతుకున్న మావులు పీకించేత్తన్నారండి" అన్నారు.

"పరీక్షలవగానే వస్తానండి" అన్నాను.

పరీక్షలు అయ్యాయి. మళ్లీ వచ్చాయి. ఆయన రిటైరయ్యారు. పోయారని తెలిసిన రోజు చొక్కా కూడా తొడుక్కున్నాను. ఆ ఊళ్లో ఎవరి ముఖం చూడాలో తెలియక, తొడుక్కున్న చొక్కా విప్పేశాను.

ఇది అచ్చుకు పంపేముందు కొంగలదిబ్బ వెళ్లాను. చర్చి అరుగు మీద పదిమంది కూర్చున్నారు. నేను నిలబడి, ఇక్కడిదాకా రాసినదంతా చదివాను. రిజిస్టరు వెనకవైపు నకలు కూడా చదివి, వాళ్లకే ఇచ్చాను. మావులుండే నీళ్లు చేపల చెరువులైపోయి చాలాకాలమైందని అప్పుడు చెప్పారు. ఆయన భార్య మరియమ్మ గారు ముందు కూర్చుని విన్నారు. ఆవిడేమీ తిట్టలేదు. "ఊళ్లో ఎవరూ పలకరించట్లేదని ఏలూరులోనే ఉండిపోయారండి. చివర్లో ఇక్కడికి తీసుకురమ్మంటే తెచ్చాం. శవప్పెట్టె మొయ్యడానికి నలుగురిని బతిమాలుకున్నాం" అన్నారు. నా చేతిలో ఉన్న ఫైలు వైపు చూసి, "ఆ చీటీ ఆయన రాతేనాండి?" అన్నారు.

చేతికిచ్చాను. ఆవిడ చదువుకోలేదట. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని బైబిలులో పెట్టుకున్నారు. "ఇది ఇక్కడుంటాదండి" అన్నారు.

ఉపన్యాసం ఫైలు మాత్రం నాతో ఇంటికి తెచ్చుకున్నాను. మూడో పేజీ మీద గుండుసూది తుప్పు మరక ఉంది. కాగితం తిప్పితే వెనకవైపు కూడా ఉంది.