ముప్పై ఏడు డబ్బాలు, ఒక్క బొటనవేలు

మా సారు వాళ్లది సిద్దిపేటల మూడు తరాల బట్టల దుకాణం. పొద్దున ఇంటి పెద్దాయన చెయ్యి పడనిదే షట్టర్ లేవదు వాళ్ల దగ్గర. పెద్దాయన జరంతోని మంచంల వడ్డా సరే, ఆటోల తీస్కవచ్చి, తాళానికి ఆయన చెయ్యి ఆనిచ్చి, అప్పుడు లేపేటోళ్లట. బేరగాళ్లు బయట ఎండల నిలవడి చూసేటోళ్లట. ఈ ముచ్చట సారు మాకు నెలకొక్కసారన్నా గర్వంగ చెప్తుండె. దుకాణం తమ్మునికి అప్పజెప్పి కంప్యూటర్ల కంపెనీ పెట్టిండు గానీ, ఆ షట్టర్‌ను మాత్రం వెంట తెచ్చుకున్నడు.

మా కంపెనీ చేసేది వడ్ల టోకెన్ల పని. రైతు ఫోన్ల నంబరు కొడితే, కొనుగోలు సెంటర్ల అతని వడ్లు ఎప్పుడు కాంటా పెడ్తరో టోకెన్ వస్తది. మామూలు దినాలల్ల ఆ ప్రోగ్రాంవి మూడు కాపీలు నడిస్తే సాలు. కోతలప్పుడు అందరు ఒక్కపారే మీదవడ్తరు, అప్పుడు ముప్పై, నలభై కాపీలు వాటంతటవే పుట్టుకొస్తయి. జనం తగ్గినంక వాటంతటవే పోతయి. వాటిని కంటైనర్లంటరు. నేనైతే డబ్బాలంట. రైతుల వివరాలన్నీ బయటోళ్లకు కనవడని లోపలి నెట్‌వర్క్‌ల ఉంటయి. కొత్త డబ్బా ఆ లోపలికి పోతేనే పనికొస్తది. పోకుంటే ఉండి సుత లేనట్టే.

డబ్బా పుట్టంగనే దానికి ఒక తాళంచెవి ఇచ్చి, అదే లోపలికి పోయేటట్టు, పని అయినంక దాని పేరు అదే కొట్టేసుకునేటట్టు నేను రాసి పెట్టిన. పరీక్ష చేసిన, మంచిగ నడిచింది. దాన్ని ఆన్ చేసుడంటే సెట్టింగ్‌ల ఒక్క మాట మార్చుడే. ఆ హక్కు నా లాగిన్‌కు ఉన్నది. సారుకు చూపిస్తే నా మొఖం జూసి నవ్విండు.

"అమ్మా, ఇంట్లకు కొత్తోడు వస్తుండంటే పెద్దమనిషి చూడద్దా? ఎవడు వడితే వాడు దూరుతడా?"

"కొత్తోళ్లు గాదు సార్, మనం చేసినయే. తాళంచెవి మన డబ్బాలకే ఉంటది."

"ఉండనీ. ప్రతి ఒక్కటి నా ఫోన్‌ను అడగాలె. నేను బొటనవేలు ఆనిచ్చి సరే అనాలె."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు గదా, గిదే గది. నేనేమన్న? "సరే సార్" అన్న. నోరున్నదాన్ననే పేరున్నది నాకు. ఆ నోరు సారు గది దాటినంకనే లేస్తది.

ఆ యాసంగి కోతల మీదికి మబ్బులు పట్టినయి. చిన్నకోడూరు సెంటర్ల మా అక్క వడ్ల కుప్ప పోసుకొని తొమ్మిది దినాలాయె. బావ నడుము పట్టేసి ఇంట్ల పన్నడు. పొద్దంత వడ్లు ఎండకు నెరుపుడు, మాపటికి తాటిపత్రి కప్పుడు అక్క ఒక్కతే. ఆ తాటిపత్రి సుత ఒక దిక్కు చినిగింది. పొద్దున పది గంటలకు టోకెన్లు తెరుస్తరు, పదకొండుకల్లా కాంటా అయిపోతది, వాన ఆ తర్వాత వస్తే రానీ అని ఆమె ధైర్యం. "నీ కంపెనీదేనాయె, నాకేం ఫికర్" అని ముందటి రోజు ఫోన్ల నవ్వింది.

పది కొట్టింది. మూడు డబ్బాలు నలభై అయినయి. ముప్పై ఏడు తలుపు బయట నిలవడి, రావచ్చునా అని సారు ఫోన్‌ను అడుగవట్టినయి. సారు ఫోన్ బీరువల ఉన్నది. సారు పీట మీద ఉన్నడు. ఆ పొద్దు వాళ్ల కొత్తింట్ల సత్యనారాయణ వ్రతం. కథ ఒడిసి ప్రసాదం నోట్ల వడేదాక లేవద్దు.

అక్క ఫోన్ చేసింది. "చెల్లే, గుండ్రంగ తిరుగుతనే ఉన్నదే. నా పేరు వస్తలేదు."

"ఐదు నిమిషాలక్కా" అని స్కూటీ తీసిన.

నేను పోయేసరికి మూడో కథ నడుస్తుంది. గుమ్మంల నిలవడి సైగ చేస్తే, సారు పట్టుపంచె సర్దుకొని కండ్లతోనే కూసొమ్మన్నడు. వాళ్ల మేడం కుర్చీ ఏసింది. అయ్యగారు కథల ఓడను నిదానంగ ముంచి, అంతకన్న నిదానంగ తేల్చిండు. నా కండ్లు కిటికీల నుంచి మబ్బు మీదనే ఉన్నయి. అక్క మూడుసార్లు ఫోన్ చేసింది, నేను ఎత్తలే. ఏం చెప్పాలె?

హారతి అయింది, ప్రసాదం తిన్నడు, ఫోన్ చేతికొచ్చింది. గీడ ఇంకో ముచ్చట. డబ్బా పుట్టినంక కొద్దిసేపట్ల పని మొదలువెట్టకుంటే, చెడిపోయిందనుకొని సిస్టమే దాన్ని తీసేసి కొత్తదాన్ని పుట్టిస్తది. గీ రెండు గంటలల్ల ఎన్నో డబ్బాలు తలుపు కొట్టి కొట్టి సచ్చినయి. సారు మాత్రం ఫోన్ల లిస్టు పై నుంచి వరుసగ వేలు ఆనిస్తుండు.

"సార్, పైనయి లేవు, పోయినయి. కిందికి రాండ్రి."

"ముందుగాల వచ్చినోళ్లను ముందుగాల పిలవాలెనమ్మా. దుకాణంల గట్లనే చేస్తం."

సచ్చినోళ్లకు ఓపికతోని సరే చెప్పుకుంట కూసున్న మనిషిని నేను గదే మొదటిసారి చూసుడు.

పన్నెండున్నరకు వాన పడ్డది. ఇరవై నిమిషాలు, గంతే. నేను వాళ్ల కొత్తింటి మెట్ల మీద కూసొని లాప్‌టాప్ తెరిచి సెట్టింగ్‌ల ఆ ఒక్క మాట మార్చిన. సారును అడగలే. నిమిషంల నలభై డబ్బాలు లోపట ఉన్నయి. అక్కకు టోకెన్ వచ్చింది, నాలుగు గంటలకు కాంటా అని. తడిసిన వడ్లకు.

దొంగలు వడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, సోమవారం మీటింగ్ పెట్టిండు సారు. "ఇది ఆటోమేటిక్ చెయ్యాలని నాకెప్పటి సంది ఉండె" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను సుత కొట్టిన.

మరునాడు చిన్నకోడూరు పోయిన. తడిసినయని సెంటరోళ్లు వడ్లు తీస్కోలేదు. కుప్పల సగం మొలకలొచ్చినయి. అక్క మొలకలొచ్చినయి ఒక దిక్కు, మంచియి ఒక దిక్కు చేస్తుంది. ఆమె మనసు తేలిక చేద్దామని సారు కత మొత్తం చెప్పిన. పీట, ఓడ, బొటనవేలు, సచ్చిన డబ్బాలు, ఒక్కటి ఇడువలే. సారు గొంతు సుత తీసిన. అక్క కొంచెం నవ్వింది సుత.

"ఆఖరికి నువ్వు మెట్ల మీద చేసిన పనికి ఎంతసేపు వట్టింది?"

"నిమిషం వట్టలే."

"పది గంటలకు ఆఫీసుల కూసొని చేస్తే అయితుండెనా?"

"అయితుండె."

"మరి?"

"సారును అడగాలె గదక్కా" అన్న.

అక్క చేతుల పని ఆపలే. "వాన ఎవర్ని అడిగి వచ్చిందే?" అన్నది.