మావయ్యగారు, ఉప్పునీటి కొలను, ముప్పయ్యేడో పేజీ

మావయ్యగారికి ఒక్కటే పిచ్చి. ఏ వస్తువు కొన్నా, దాంతోపాటు వచ్చే సూచనల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా గొంతెత్తి చదివితే గాని దాని మీద చెయ్యి వేయరు, ఇంకొకరిని వేయనివ్వరు. ప్రెస్సులో ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి కాబట్టి చేతిలో ఎర్ర పెన్సిలు కూడా ఉంటుంది. "మా యంత్రం కొన్నందుకు అభినందనలు" అన్న మొదటి వాక్యానికి "సంతోషం" అని జవాబు చెప్పి మరీ రెండో వాక్యంలోకి దిగుతారు. ఒకసారి కొత్త గొడుగుతో సూచనల కాగితం రాలేదని, దాన్ని చంకలో పెట్టుకుని నిలువునా తడుస్తూ ఇంటికొచ్చారు.

అలాంటి ఇంటికి, పెరట్లో ఉన్న ఈతకొలను కోసం, ఉప్పులోంచి క్లోరిన్ తయారుచేసే యంత్రం వచ్చింది. బిగించే పని అల్లుడిది. పైపుల పనిలో అతనికి మంచి పేరు.

ఇదంతా అత్తయ్యగారి కోసం. మోకాళ్ల నొప్పులకు రోజూ నీళ్లలో నడవమన్నాడు డాక్టరు. క్లోరిన్ పొడి చల్లిన నీళ్లలో దిగితేనేమో ఆవిడకి కళ్లు ఎర్రబడి, ఒళ్లంతా దురద. ఈ యంత్రమైతే క్లోరిన్‌ని కొద్దికొద్దిగా వదులుతుంది కాబట్టి ఆ బాధ ఉండదన్నారు. మూడు నెలలుగా గట్టున కుర్చీ వేసుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చుంటున్నారు.

ఉదయం ఏడింటికి అల్లుడు రంపం పట్టుకుని పైపు దగ్గర చేరాడు. ఎదురుగా మావయ్యగారు, పుస్తకం.

"ముందు కరెంటు మెయిన్ ఆపండి. నాలుగో పేజీ."

"ఆపేశానండీ."

"ఆపానని నిర్ధారించుకోండి. అదీ నాలుగో పేజీయే."

పదింటికి తొమ్మిదో పేజీ వచ్చింది. అక్కడ బండి ఆగిపోయింది.

"'ఉప్పును నెమ్మదిగా అరిగించండి' అట! కరిగించండి అని కదా ఉండాలి! నూట ఇరవై కిలోల ఉప్పు ఎవడు అరిగించుకుంటాడండీ?"

పెన్సిలు మొన విరిగింది. చెక్కుకోవడానికి ఆయన లోపలికి వెళ్లడమే తడవు, అల్లుడు ఫిల్టరు పైపు కోసి, వంపు పక్కనే నీటి పారుదల చూసే సెన్సరు, దాని తర్వాత యంత్రం గొట్టం చకచకా అతికించేశాడు.

"మనమింకా తొమ్మిదిలోనే ఉన్నాం," అన్నారు మావయ్యగారు తిరిగొచ్చి, చాలా నొచ్చుకుని.

ఆరు బస్తాల ఉప్పు పోసి, బ్రష్షుతో కలిపి, రోజంతా పంపు ఒక్కటే తిప్పారు. మర్నాడు అల్లుడు యంత్రం స్విచ్చి వేశాడు. ఎర్ర దీపం. 'నీటి పారుదల లేదు.' పంపు చూస్తే ధారగా తోస్తోంది! ఆపి వేశాడు, తట్టాడు, బతిమాలాడు. అదే ఎరుపు. అత్తయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని గట్టున నిలబడి ఉన్నారు. ఆవిడ ముఖంలోకి చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

"మావయ్యగారూ, పుస్తకంలో ఏమైనా..."

రాత్రికి నలభయ్యో పేజీ దాకా వచ్చిన ఆయన, ఈ మాట కోసమే బతికున్నట్టు లేచారు.

"ముప్పయ్యేడో పేజీ! అడుగున, చీమతలకాయంత అక్షరాలు. 'వంపుకీ సెన్సరుకీ మధ్య కనీసం అడుగు పొడవు తిన్నని పైపు ఉండాలి. లేనిచో నీరు సుళ్లు తిరిగి సెన్సరు పొరబడును.'"

మళ్లీ కోశారు. అడుగు పైపు వేశారు. జిగురు ఆరాక, సాయంత్రం స్విచ్చి వేస్తే పచ్చ దీపం! మావయ్యగారు పుస్తకాన్ని రెండు చేతులా పైకెత్తి కొలను చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. వెనకాల అల్లుడు చప్పట్లు కొడుతూ నడిచాడు.

మర్నాడు నీళ్లు పరీక్షించి, అంతా సరిగా ఉందని తేలాక అత్తయ్యగారు దిగారు. గంటసేపు నడిచారు. కళ్లు ఎర్రబడలేదు. ఒళ్లు దురద పుట్టలేదు. అవతలి గట్టున మావయ్యగారు 'శుభ్రపరచు విధానము' ఎత్తుకున్నారు.

"ఇన్నేళ్లు ఎలా భరించారండీ?" అన్నాడు అల్లుడు, ఇవతలి గట్టు మీంచి అత్తయ్యగారి వైపు వంగి, మెల్లిగా.

"నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది బాబూ. పెళ్లయిన కొత్తలో కొత్త స్టవ్వు ముందు నిలబడి, ఏది తిప్పాలో తెలీక, అడగడానికి సిగ్గేసి ఏడ్చాను. ఆయన చూశారు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచే పైకి చదవడం మొదలెట్టారు. అందరూ పిచ్చి అనుకున్నా, నాకోసమని ఒక్కరితోనూ అనలేదు."

అల్లుడు తలెత్తి అవతలి గట్టున ఉన్న మావయ్యగారి వైపు చూశాడు.

"మీ అమ్మాయి అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ చదవడం నేర్చుకుని ఆరేళ్లయింది," అన్నారావిడ ఇంకా గొంతు తగ్గించి. "ఆయనకి మాత్రం చెప్పకండి."

ఆ వెంటనే నీళ్లలోంచే కేకేశారు. "ఏవండీ, ఆ చివరిది అర్థం కాలేదు. మళ్లీ చదవండి!"

మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.