మొదటి మాట అందించే మనిషి

అచ్చాఫీసులో ఆవిడ పని చదవడం. ప్రూఫులు దిద్దే పెద్దాయన పక్కన స్టూలు మీద కూర్చుని, అసలు ప్రతిని కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి. శుభలేఖైనా, చావు కబురైనా ఒకటే గొంతు. గొంతులోకి ఏడుపో నవ్వో దూరిందంటే పెద్దాయన దృష్టి అక్షరం మీదనుంచి కథ మీదకి జారిపోతుంది, తప్పులు మిగిలిపోతాయి. అలా చదివి చదివి ఆవిడ ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడేది. మాట్లాడ్డానికి ఇంట్లో ఎవరున్నారు గనక! పొయ్యి మీద పాలు పొంగితే "పొంగాయి" అని ఆ పాలకే చెప్పేది.

ఎవరూ లేకపోవడానికి కారణం ఒక మురుగుకాలవ. పై వీధి నీళ్ళు కింద వీధిలోకి పారుతున్నాయని మొదలైన గొడవ. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడంలో రెండు వీధుల పెద్దమనుషులూ ఒకరికొకరు తీసిపోరు. ఆవిడ పుట్టిల్లు పై వీధి, మెట్టినిల్లు కింద వీధి. ఒకరోజు కింద వీధి గుంపు వెళ్ళి పై వీధిలో ఆవిడ తమ్ముడి సైకిల్ షాపు పగలగొట్టింది. ఆ గుంపులో ఆవిడ మొగుడున్నాడు. "అతన్ని వదిలేసి వచ్చెయ్" అన్నాడు తమ్ముడు. ఆవిడ వెళ్ళలేదు. "అయితే నాకు అక్క లేదనుకుంటా" అని అతను వెనక్కి తిరిగాడు.

పోనీ, కింద వీధైనా దగ్గరికి తీసిందా అంటే అదీ లేదు. పోలీసులు వచ్చి అడిగితే ఆవిడ చూసింది చూసినట్టు చెప్పేసింది. సొంత మొగుణ్ణి పట్టిచ్చిన మనిషని ఆ వీధి మొహం తిప్పుకుంది. మొగుడు మాత్రం జైలునుంచి తిరిగొచ్చి, పల్లెత్తు మాట అనకుండా ఆవిడ వండింది తిన్నాడు. తరవాత జబ్బు చేసి పోయాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ ఆవిడ బతుకు.

ఇలా ఉండగా స్కూల్లో డ్రాయింగు మాస్టారికి ఒక పిచ్చి పుట్టింది. రెండు వీధులవాళ్ళూ కలిసి నాటకం వెయ్యాలట. "కలిసి కూర్చోమంటే కూర్చోరు. కలిసి వేషం కట్టమంటే కడతారు. వేషమంటే ఎవరికి చేదు?" అన్నాడు. నిజంగానే ఎవరికీ చేదు కాలేదు. పేచీ అంతా ప్రాంప్టరు దగ్గర వచ్చింది. మాట మరిచిపోయినప్పుడు తెర పక్కనుంచి అందించే మనిషి తమవాడే ఉండాలని రెండు వీధులూ పట్టుబట్టాయి. అవతలివాడైతే కావాలనే నోరు మూసుకుని నవ్వులపాలు చేస్తాడని ఇద్దరికీ ఒకటే అనుమానం.

"అయితే ఏ వీధికీ కాని మనిషి కావాలి" అన్నాడు మాస్టారు. అందరికీ ఒకేసారి ఆవిడ గుర్తొచ్చింది. చూశారా, దిక్కులేనితనానికి కూడా ఒక ఉద్యోగం దొరుకుతుంది!

కథ పెద్దదేం కాదు. అలిగి ఇల్లు విడిచిన అక్కని తమ్ముడు వెళ్ళి పిలుచుకు రావడం. అక్క వేషం కింద వీధి నర్సుది. తమ్ముడి వేషం, పై వీధిలో గొంతున్నవాడు ఒక్కడే కాబట్టి, ఆవిడ తమ్ముడిది.

రిహార్సల్లో అతను ఆవిడ వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. పేజీలకి పేజీలు గడగడా అప్పజెప్పేవాడు. చివరి రంగంలో "అక్కా, ఇంటికి పోదాం పద" అనే చోట మాత్రం రోజూ ఆగిపోయేవాడు. ప్రాంప్టరు వాక్యమంతా చెప్పకూడదు, మొదటి మాట అందిస్తే చాలు. "అక్కా" అనేది ఆవిడ, ప్రూఫులు చదివే గొంతుతోనే. అతను అందుకుని, నర్సు వైపు తిరిగి మొత్తం అనేవాడు.

అలా రోజూ తనని తనే అక్కా అని పిలుచుకుని ఆవిడ ఇంటికెళ్ళేది. ఒకసారి గిన్నెలు కడుగుతూ ఆ మాట పైకి అని చూసుకుంది. చెప్పలేనంత దుఃఖం వచ్చింది. అప్పుడే నిశ్చయించుకుంది, నాటకం రోజున అందించకూడదని. నర్సుతోనే అననీ, ఎవరితోనో అననీ, ఆ మాట వాడంతట వాడి నోటినుంచి రావాలి.

ఆ సాయంత్రం స్కూలు హాలు కిటకిటలాడిపోయింది. కుడివైపు పై వీధి, ఎడమవైపు కింద వీధి, మధ్యలో నడవ. ఆ నడవని ఒక్కరు దాటితే ఒట్టు. అయినా నాటకం బాగానే నడిచింది, నవ్వాల్సిన చోట రెండు వైపులా నవ్వాయి. చివరి రంగం వచ్చింది. తమ్ముడు ఆగాడు.

ఆవిడ పెదవులు బిగించింది. అతను మొదటిసారి తెర పక్కకి, ఆవిడ వైపు చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఎడమవైపునుంచి ఎవడో ఈల వేశాడు. "పై వీధి బండి పంక్చరయిందిరోయ్!" అని ఇంకొకడు అరిచాడు. కుడివైపు ముందువరసలో ఇద్దరు లేచి చొక్కా చేతులు మడుస్తున్నారు. మాస్టారి మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

ఇంకాస్త ఆగుదామనే ఉంది ఆవిడకి. ఇన్నేళ్ళు ఆగిన మనిషికి ఇంకాస్త ఆగడం ఒక లెక్కా? కానీ కుర్చీలు వెనక్కి జరుగుతున్న ఆ చప్పుడు ఆవిడకి బాగా తెలుసు. షాపు పగిలిన రోజున కూడా, కింద వీధి అరుగు మీదనుంచి గుంపు లేచేటప్పుడు, మొదట వినిపించింది అదే.

"అక్కా" అంది.

అతను అందుకున్నాడు. "అక్కా, ఇంటికి పోదాం పద." ఆ గొంతుకి ఈల వేసినవాడు కూడా కూర్చున్నాడు. తెర పడేసరికి కింద వీధి ముసలమ్మ ఒకావిడ నడవ దాటి వెళ్ళి, పై వీధి మనిషి భుజం పట్టుకుని ఏడుస్తోంది. ముసలమ్మ వెనక ఇంకొందరు దాటారు. అందరూ అందర్నీ మెచ్చుకున్నారు. ప్రాంప్టరు సంగతి ఎవరికి గుర్తుంటుంది!

ఆవిడ తెర మడత పెడుతుంటే తమ్ముడు మెట్ల దగ్గరికి వచ్చాడు. మొహం మీద రంగు సగమే తుడుచుకున్నాడు.

"ఎందుకందించావు?" అన్నాడు.

"కొట్టుకునేట్టున్నారు కదరా."

"ఇంకొక్క క్షణం ఆగుంటే నేనే అనేవాణ్ణి."

ఇప్పుడను, అని నోటిదాకా వచ్చింది. అడిగి అనిపించుకుంటే అది మళ్ళీ అందించడమే. తెరని ఇంకో మడత పెట్టింది. అతను మొహాన మిగిలిన రంగు తుడుచుకున్నాడు. బయటనుంచి పై వీధివాళ్ళెవరో పిలిస్తే వెళ్ళాడు.

తెర పెట్టెలో పెట్టి, స్టేజి దీపాలార్పి ఆవిడ కిందకి దిగింది. కుర్చీలన్నీ కలగాపులగంగా కలిసిపోయి నడవ ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు. వాటిని పక్కకి జరుపుకుంటూ ఒక్కతే ఇంటికి వెళ్ళింది.