చేతులు లేవని నెలన్నర

సెలూన్‌కి వచ్చేవాళ్ళంతా అతన్ని దువ్వెన అనేవాళ్ళు. చెవి మీద ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది, మనిషీ అంతే సన్నం. ఆ సెలూన్ మేనమామది. ఆడపిల్లగా పెరిగినవాడు తాను మగవాణ్ణని ఇంట్లో చెప్పిన రోజున తల్లి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేనమామ మాత్రం తల గోక్కుని, "కోడలా అన్న నోటితో అల్లుడూ అనాలంటే నాలుగు రోజులు తడబడతాన్రా, ఏమనుకోకు," అన్నాడు. ఆ నాలుగు రోజులకీ ఏడాది పట్టింది.

ఏళ్ళ తరబడి ఛాతీకి గుడ్డ బిగించి కట్టడంతో చర్మం ఒరుసుకుపోయి మండేది. అందుకే రొమ్ములు తీసేసే ఆపరేషన్‌కి సిద్ధపడ్డాడు. డాక్టరమ్మను అడగాల్సినవన్నీ అడిగాడు.

"మచ్చలు పోతాయా?"

"పోవు. పలచబడతాయి."

"పనిలోకి ఎప్పుడు వెళ్ళొచ్చు?"

"మీ పనంతా చేతులెత్తి చేసేదే కదా. నెలన్నర దాకా మోచెయ్యి భుజం దాటకూడదు."

"ఛాతీ మీద ముట్టుకుంటే తెలుస్తుందా?"

"కొంత తెలియొచ్చు. తెలియకపోనూ వచ్చు. మాటివ్వలేను."

ఆపరేషన్ అయ్యాక మేనమామ అతన్ని సెలూన్ వెనక గదికి తీసుకొచ్చాడు. ఛాతీ చుట్టూ బిగుతు పట్టీ, రెండు పక్కలా సన్నటి గొట్టాలు, వాటి చివర నెత్తురు నీళ్ళు చేరే చిన్న డబ్బాలు. వెల్లకిలా తప్ప పడుకోవడానికి లేదు. పది మందికి తల దువ్వినవాడు తన తల తాను దువ్వుకోలేకపోయాడు. చొక్కా తొడగాలన్నా మేనమామే, మందులకి మొలిచిన గడ్డం గీయాలన్నా మేనమామే.

"ముసలాణ్ణి, నాకు నువ్వు చేయాల్సిందిరా ఇది," అని నవ్వించబోయాడు మేనమామ.

"నవ్వించకు మామయ్యా, కుట్లు లాగుతున్నాయి," అన్నాడు. అన్నాడే గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు ఎడమ పక్క ఉబ్బి రాయిలా గట్టిపడింది. ఆ పక్క డబ్బా చూస్తుండగానే నిండిపోయింది. మేనమామ కుర్చీలో సగం గడ్డం గీసిన మనిషిని అలాగే వదిలేసి ఆటో పిలిచాడు. లోపల నెత్తురు గడ్డకట్టిందని మళ్ళీ తెరిచారు. ప్రాణానికి భయం లేదు గానీ, ఎడమ చనుమొన మాత్రం నల్లబడింది.

"ఇది నిలుస్తుందా?" అని అడిగాడు దువ్వెన.

"చూద్దాం," అంది డాక్టరమ్మ. అది నిలవలేదు.

అప్పుడొచ్చింది తల్లి. గుమ్మంలోనే నిలబడి, "తీసేసింది ఏం చేశారు?" అంది.

"పరీక్షకి పంపుతారమ్మా. ఆ తర్వాత వాళ్ళే పారేస్తారు."

"నాకో మాట చెప్పాల్సింది."

"చెబితే ఏం చేసేదానివి?"

తల్లి లోపలికొచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. చెయ్యి అతని గుండెల దాకా వచ్చి, ఎక్కడ వెయ్యాలో తెలియక దుప్పటి సర్దింది. అతను ఆ చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. అంత దూరం తన చెయ్యి చాపకూడదు. చీకటి పడక ముందే ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

నెలన్నర గడిచాక మొదట చిన్నపిల్లల తలలు, ఆపైన పెద్దవాళ్ళవి మొదలుపెట్టాడు. సాయంత్రమయ్యేసరికి భుజాలు పీకేవి. లోపల ఏ గుడ్డా లేకుండా ఒంటిపొర చొక్కాతో నిలబడ్డప్పుడు మాత్రం ఊపిరి నిండుగా ఆడేది. దానికోసమే కదా ఇదంతా అనుకునేవాడు.

ఒకనాడు కొట్టు కట్టేసే వేళ చొక్కా మార్చుకుంటుంటే మేనమామ చూశాడు. కత్తిరించిన వెంట్రుకలు ఛాతీ నిండా అంటుకుని, మచ్చల పక్కన చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

"గుచ్చుకోవట్లేదురా?"

"ఏమో మామయ్యా. తెలియట్లేదు."

"తెలుస్తుందిలే," అనబోయి ఆగిపోయాడు మేనమామ. బ్రష్షు తీసి ఆ వెంట్రుకలు దులపసాగాడు, నొప్పి తెలిసే ఒంటిని దులిపినంత మెల్లగా.