ఒలికిన సగం చెంబు

ఈరోజు గుడిలో కొత్త కుండ తడి వాసనకు మా ఊరి ఎండాకాలం గుర్తొచ్చింది. మా ఊరోళ్లారా, మీకూ యాదికుందా? ఈస్టర్ తర్వాత ఫాదర్ వచ్చి, ఆ ఏడు పుట్టిన పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇచ్చేవారు. గుడి బావి ఎండిపోయేది కనుక ఎవరింటి నీళ్లు వాళ్లే మోసుకెళ్లాలి.

నెలలు నిండక పుట్టిన మా తమ్ముడి చెంబు నేను మోశాను. గుడి గడప తట్టుకుని సగం ఒలకబోశాను.

"అవ్వా, నీళ్లు తక్కువైనయ్. తమ్ముడు సచ్చిపోతడా?" అని ఏడ్చాను.

"నోర్మూయ్ పిల్లా! గడపకు గూడ దూపైతాంది, తాగనియ్యి. మీ తమ్మునికి మూడు దోసిళ్లు చాలు," అంది మా అవ్వ.

అయినా వాడు దగ్గినప్పుడల్లా ఆ సగం చెంబే నా కళ్లలో మెదిలేది. ఇన్నేళ్లూ అంతే.

ఈరోజు వాడి మనవరాలి జ్ఞానస్నానం. నిండు చెంబు నేనే పట్టుకున్నాను, రెండు చేతులతో.

"గడప చూసి నడువక్కా," అన్నాడు తమ్ముడు.